యుద్ధదేవుడి సంతానం

కొన్నేళ్ళ కిందట ఒక శాంతిసభకు వెళ్ళాను. వక్త పెద్దవారు, బాగా చదువుకున్నవారు. ఉపన్యాసం ముగిస్తూ ఆయన ఒక ముచ్చటైన మాట చెప్పారు. గ్రీకుల యుద్ధదేవుడు ఏరీస్. ఆయనకూ ప్రణయదేవత ఆఫ్రొడైటికీ పుట్టిన కూతురు హార్మోనియా, అంటే సామరస్యం. కనక యుద్ధం కడుపునే శాంతి పుడుతుందన్న సంగతి ప్రాచీనులకు తెలుసు, మనం నిరాశపడనక్కరలేదు అన్నారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. నేనూ కొట్టాను. అంతటితో ఊరుకోక, మరుసటి వారం తిక్కన స్త్రీపర్వం పాఠం చెబుతూ ఆ మాటను తరగతిలో వాడుకున్నాను కూడా. వెనక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, “ఆయనకు ఆ ఒక్క కూతురేనాండీ, ఇంకా పిల్లలున్నారా?” అని అడిగాడు. నాకు తెలియదు. తెలుసుకుని చెబుతానన్నాను.

నేను తెలుసుకునేసరికి అతను చదువు ముగించి వెళ్ళిపోయాడు. అతనికి చెప్పవలసిన జవాబు ఇది. తెలుసుకున్నకొద్దీ ఆనాటి నా చప్పట్లు నన్ను సిగ్గుపరుస్తూ వచ్చాయని ముందే ఒప్పుకుంటున్నాను.

ఏరీస్ సంతానం లెక్క మొదట రాసినవాడు హెసియడ్. క్రీ.పూ. 700 ప్రాంతంలో, బొయోషియాలో, హెలికాన్ కొండ అడుగున ఆస్క్రా అనే పల్లెలో బతికిన రైతు. లంచాలు మింగి తీర్పులు చెప్పే దొరలను పద్యాల్లో తిట్టినవాడు. ఆయన ‘దేవతల పుట్టుక’ అనే కావ్యంలో ఏరీస్‌కూ ఆఫ్రొడైటికీ ముగ్గురు పిల్లలని చెప్పాడు. మొదటి ఇద్దరు కొడుకులు, ఫోబోస్, డీమోస్. ఒకడు భయం, రెండోవాడు భీతి. తండ్రి ఊళ్ళను కూలుస్తుంటే వీళ్ళిద్దరూ పక్కనుండి మనుషుల బారులను చెల్లాచెదురు చేస్తారట. ఆ తర్వాతనే హార్మోనియా. మా వక్తగారు మూడో బిడ్డను మాత్రం ఎత్తుకుని, మొదటి ఇద్దరినీ గుమ్మం బయటే వదిలేశారన్నమాట.

ఈ లెక్కలు పుక్కిటి పురాణాలని తోసెయ్యటం తేలిక. కాని కార్యకారణ సంబంధాన్ని చెప్పటానికి వేరే పరిభాష లేని కాలంలో మనుషులు దాన్ని వంశవృక్షంగా చెప్పుకున్నారు. దేనివల్ల ఏది వస్తుందో, అది దాని బిడ్డ. మన భారతం ఆదిపర్వంలోనూ ఇటువంటి లెక్కే ఒకటి ఉంది. ప్రజలు అన్నంకోసం ఒకరినొకరు తినెయ్యబోగా అధర్మం పుట్టిందట. అధర్మానికి భార్య నిరృతి. వాళ్ళ కొడుకులు భయం, మహాభయం, మృత్యువు. హెసియడ్ ఇద్దరు కొడుకులూ ఇక్కడ దాదాపు అవే పేర్లతో కనిపిస్తారు. ఒకరినుంచి ఒకరు ఎరువు తెచ్చుకున్నారని నేననను, అందుకు ఆధారం లేదు. కాని మన లెక్క ఆకలి దగ్గర మొదలవుతుంది. గ్రీకు లెక్క ఒక దేవుడి పడకటింటి దగ్గర మొదలవుతుంది. ఈ తేడా గుర్తుంచుకోవలసిందే.

ఫోబోస్ అనే మాటకు హోమర్ భాషలో అసలర్థం మనసులోని భయం కాదు, వెన్నుచూపి పరుగెత్తటం. పంక్తి విరిగి, డాలు పారేసి, ఎటు పోవాలో తెలియక పరుగెత్తేవాడి స్థితి. మనకు కాందిశీకుడని మంచి మాట ఉంది. ఏ దిక్కుకు పోను, అనే ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. మన పత్రికలు దేశవిభజన నాటి నిర్వాసితులకు ఆ పేరే వాడాయి. ఫోబోస్ అంటే ఆ పరుగుకు దేవుడు. ఇలియడ్‌లో ఆగమెమ్నాన్ డాలు మీద వీళ్ళిద్దరి బొమ్మలూ చెక్కి ఉంటాయి. ఎదుటివాడి గుండె జారటానికి.

ఈ భయానికి స్పార్టాలో ఒక గుడి ఉండేది. ప్లుటార్క్ రాశాడు. ఇతర చోట్ల మనుషులు కీడు తొలగటానికి దుష్టశక్తులకు మొక్కినట్టు స్పార్టన్లు దానికి మొక్కలేదు. తమ రాజ్యం నిలబడిందే భయంవల్లనని నమ్మి పూజించారు. ఆ గుడి ఎక్కడ కట్టారనేది ముఖ్యం. ఊరి పొలిమేరలో కాదు, యుద్ధభూమి దారిలోనూ కాదు. ఎఫర్లనే అయిదుగురు అధికారులు రోజూ కూచుని భోంచేసే శాల పక్కన.

ఎందుకక్కడ? స్పార్టాలో పొలం దున్నినవాళ్ళు స్పార్టన్లు కారు, హెలట్లు. ఓడిపోయి, తమ భూమి మీదే దాసులైన మనుషులు. దొరలకన్న ఎన్నోరెట్లు ఎక్కువమంది. ఎఫర్లు ఏటా పదవిలోకి రాగానే చేసే పని హెలట్ల మీద యుద్ధం ప్రకటించటమని అరిస్టాటిల్ చెప్పినట్టుగా ప్లుటార్క్ ఉదహరించాడు. యుద్ధం ప్రకటించాక చంపితే హత్యాదోషం అంటదు. కుర్రవాళ్ళు కటార్లు పట్టుకుని రాత్రివేళ దారులు కాసి, దొరికిన హెలట్లను చంపేవారు. థూసిడిడీస్ మరొకటి రాశాడు. పెలొపనీసియన్ యుద్ధకాలంలో స్పార్టన్లు హెలట్లను పిలిచి, మీలో యుద్ధంలో బాగా సేవచేసినవాళ్ళను మీరే ఎంచుకోండి, స్వేచ్ఛ ఇస్తామన్నారు. సుమారు 2,000 మంది ముందుకు వచ్చారు. తలమీద దండలు పెట్టుకుని గుళ్ళ చుట్టూ తిరిగారు, విముక్తి వచ్చిందనుకున్నారు. కొద్దికాలానికే వాళ్ళంతా మాయమయ్యారు. ఎవరు ఎలా పోయారో ఎవరికీ తెలియలేదు. స్వేచ్ఛను ముందుగా కోరేవాడే ముందుగా తిరగబడతాడని ఏలినవారి లెక్క.

ఫోబోస్ యుద్ధభూమి విడిచి ఊళ్ళో కాపురం పెట్టటమంటే ఇదే. క్రీ.పూ. 227లో మూడో క్లియొమెనీస్ అనే రాజు అప్పులు రద్దుచేసి భూములు పంచుదామని తలపెట్టి, అడ్డుగా ఉన్న ఎఫర్ల మీద మనుషులను పంపాడు. భోజనశాలలో నలుగురు చచ్చారు. అయిదోవాడు అజిలేయస్ దెబ్బలు తిని, చచ్చినట్టు పడి, మెల్లగా పాకుతూ పక్కనున్న చిన్న గుళ్ళోకి దూరి తలుపు వేసుకున్నాడు. అది భయం గుడి. ఎప్పుడూ మూసి ఉండేది ఆవేళ తెరిచి ఉందట. అతన్ని వాళ్ళు చంపలేదు. ఇన్నాళ్ళూ ఇతరులమీదికి తోలిన దేవుడి ఒళ్ళోకే చివరికి వాడు పారిపోవలసి వచ్చింది. ప్లుటార్క్ దీన్ని మామూలు సంగతిలా చెప్పుకుపోతాడు. నాకు మాత్రం ఆ పుస్తకం మూసి కాసేపు కూచోవలసి వచ్చింది.

కుజగ్రహానికున్న రెండు చంద్రుళ్ళకూ ఈ అన్నదమ్ముల పేర్లే. 1877 ఆగస్టులో అసాఫ్ హాల్ వాషింగ్టన్‌లో వాటిని కనిపెట్టాడు. 2013లో శ్రీహరికోటనుంచి బయల్దేరిన మంగళయాన్ 2020లో ఫోబోస్ ఫొటో ఒకటి పంపింది కూడా. ఇదేదో కొత్తగా వచ్చిన చుట్టరికం అనుకోనక్కరలేదు. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో కుజుడికి చెప్పిన పేర్లలో ‘ఆర’ అనేది ఒకటుంది. అది సంస్కృతం కాదు. యవన జ్యోతిషంతోపాటు ఓడెక్కి వచ్చిన ఏరీసే. మన జాతకాల్లో కూచుని పెళ్ళిళ్ళు చెడగొడుతున్న పెద్దమనిషికి ఇంత కథ ఉంది.

ఏరీస్‌కు మనుష్యస్త్రీల వల్ల పుట్టిన కొడుకులు చాలామంది. ఇలియడ్‌లో ఆస్కలాఫస్ అని ఒకడు. తమ్ముడితో కలిసి 30 ఓడలు తీసుకుని గ్రీకుల పక్షాన ట్రాయ్‌కి వచ్చాడు. తండ్రి ఏరీస్ మాత్రం ట్రోజన్ల పక్షాన ఉన్నాడు. గ్రీకులకు సాయం చేస్తానని మాటిచ్చి తప్పాడని ఎథీనా అతన్ని తిడుతుంది కూడా. ఒకనాడు ట్రాయ్ రాకుమారుడు డీఫొబస్ ఇడొమెనియస్ మీదికి ఈటె విసిరాడు. గురితప్పి అది ఆస్కలాఫస్ భుజంలో దిగింది. వాడు దుమ్ములో పడి నేలను గుప్పిట పట్టుకున్నాడు. ఇక్కడ హోమర్ ఒక్క క్షణం కథ ఆపి, ఏరీస్‌కు ఈ సంగతి తెలియదంటాడు. అతను ఒలింపస్ మీద, బంగారు మబ్బుల కింద కూచుని ఉన్నాడు.

యుద్ధానికే దేవుడు. కొడుకు ఎదుటి పక్షంలో ఉన్నాడు. తను బలపరిచిన పక్షంవాడి ఈటెకు, అదీ మరొకడికి గురిపెట్టిన ఈటెకు, కొడుకు చచ్చాడు. ఆ కబురు తండ్రికి చేరటానికి హోమర్ రెండు సర్గలు తీసుకున్నాడు. హీరా వచ్చి చెప్పాక ఏరీస్ తొడలు చరుచుకుని ఏడ్చి, భయాన్నీ భీతినీ పిలిచి రథం కట్టమన్నాడు. ఎథీనా వెంటపడి అతని శిరస్త్రాణం లాగేసి, డాలూ ఈటే పక్కన పెట్టించి కూచోబెట్టింది. వాడికన్న మెరుగైనవాళ్ళు చచ్చారు, ఇంకా చస్తారు, అందరి బిడ్డలనూ కాపాడటం ఎవరివల్ల అవుతుందని మందలించింది. రాచకొలువుల్లో పాడిన కవి యుద్ధం గురించి ఇంతకన్న చేదుగా చెప్పలేడు. చెప్పవలసిన అవసరమూ లేదు.

మిగతా కొడుకుల చిట్టా చూస్తే మరొక సంగతి బయటపడుతుంది. సిక్నస్ అనేవాడు డెల్ఫీ గుడికి బలిపశువులను తోలుకుపోయే యాత్రికులను దోచుకునేవాడు. ఈనొమాస్ కూతుర్ని అడగవచ్చినవాళ్ళను రథపందెంలో ఓడించి చంపేవాడు. థ్రేస్ రాజు డయొమిడీస్ గుర్రాలకు మనుషుల మాంసం మేపేవాడు. టీరియస్ కూడా థ్రేస్ వాడే. భార్య చెల్లెలిని చెరిచి, చెప్పుకోకుండా ఆమె నాలుక కోశాడు. దొంగలు, హంతకులు, చెరిచేవాళ్ళు. వాళ్ళలో బాగా పేరుబడినవాళ్ళు థ్రేస్‌వాళ్ళు. ఏరీస్ ఇల్లు కూడా థ్రేస్‌లోనే అన్నారు. ఆఫ్రొడైటితో పట్టుబడి నవ్వులపాలయ్యాక అతను అక్కడికే పోయినట్టు ఒడిస్సీలో ఉంది.

థ్రేస్ అంటే గ్రీసుకు ఉత్తరాన ఉన్న పరాయి దేశం. యుద్ధంలో వ్యూహం, జయం, కీర్తి ఎథీనాకు దఖలుపడ్డాయి. ఆమె ఎథెన్స్ ఇంటి ఆడపడుచు. నెత్తురు, కేకలు, శవాల మీద దోపిడీ ఏరీస్ పాలబడ్డాయి, అతని చిరునామా ఎల్లకు అవతల రాశారు. యుద్ధం ఒకటే, ఖాతాలు రెండు. ఏరీస్ నిజంగానే థ్రేస్‌నుంచి దిగుమతి అయిన దేవుడని చాలాకాలం పండితులూ నమ్మారు. కాని క్రీట్ దీవిలో క్నాసస్ రాజప్రాసాదం తవ్వకాల్లో దొరికిన మట్టిపలకల లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ విప్పాక ఆ మాట నిలవలేదు. హోమర్‌కు కొన్ని వందల ఏళ్ళ ముందరి ఆ పలకల్లో దేవుళ్ళకు ఇచ్చిన కానుకల లెక్కలున్నాయి. వాటిలో ఏరీస్ పేరుంది. అతనికే తర్వాత మారుపేరైన ఎన్యాలియస్ మరొక పలక మీద కనిపిస్తాడు. ఆ పలకలో అతని పక్కనే ఉన్న పేరు ఎథీనా అమ్మవారిది. యుద్ధదేవుడు మొదటినుంచీ ఇంటివాడే. తర్వాత ఎవరో అతని సామాను సర్ది సరిహద్దు దాటించారు.

ఎవరికి పనికొచ్చిందీ బదిలీ? దీనికి జవాబు పురాణాల్లో లేదు, ఎథెన్స్ సంతలో ఉంది. క్రీ.పూ. 414లో ఎథెన్స్ ప్రభుత్వం దైవద్రోహం నేరం కింద కొందరు సంపన్నుల ఆస్తులు జప్తుచేసి వేలం వేసి, ఆ జాబితాను రాళ్ళమీద చెక్కించింది. ఆ రాళ్ళ ముక్కలు దొరికాయి. పిరేయస్ రేవులో కాపురమున్న కెఫిసొడోరస్ అనే విదేశీయుడి ఆస్తిలో 16 మంది బానిసలు. అందులో అయిదుగురు థ్రేస్‌వాళ్ళు. ఏ ఒక్కరి పేరూ లేదు, దేశమూ ధరా మాత్రం ఉన్నాయి. థ్రేస్ స్త్రీ, 165 డ్రాక్మాలు. థ్రేస్ స్త్రీ, 135. థ్రేస్ స్త్రీ, 220. కొద్దికాలం తర్వాత ఎథెన్స్ కొండమీద ఎరెక్తియమ్ గుడి కట్టేటప్పుడు పనివాడికి రోజుకూలి ఒక డ్రాక్మా. అంటే అయిదారు నెలల కూలి పెడితే ఒక మనిషి. థ్రేస్‌వాళ్ళు తమ బిడ్డలను తామే అమ్ముకుంటారని హెరొడోటస్ రాశాడు. కొనేవాళ్ళ మాట ఎత్తలేదు. వాళ్ళు యుద్ధదేవుడి సంతతి, మనిషిమాంసం మేపిన రాజు తాలూకు జాతి అని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాడికి ఆ 165 డ్రాక్మాలు లెక్కపెట్టటంలో చెయ్యి వణకదు. బానిసవ్యవస్థకు సైన్యమూ సంతా మాత్రమే చాలవు. ఇటువంటి కథలూ కావాలి.

కూతుళ్ళ సంగతి ఇంకా విచిత్రం. అమెజాన్లు ఏరీస్ కూతుళ్ళు. థర్మొడాన్ నది ఒడ్డున, అంటే ఇప్పటి టర్కీ ఉత్తర తీరాన, మగవాళ్ళ పెత్తనం లేకుండా బతికిన యోధులట. వాళ్ళు ఎథెన్స్ మీదికి దండెత్తి వచ్చి ఓడిపోయారని ఎథెన్స్‌లో ప్రతి వక్తా చెప్పేవాడు. పారసీకులు క్రీ.పూ. 480లో ఎథెన్స్‌ను తగలబెట్టాక ఈ కథకు గిరాకీ పెరిగింది. బజారు మంటపం గోడమీద అమెజాన్ల ఓటమి. పార్థెనాన్ పడమటి పలకల మీద అమెజాన్ల ఓటమి. గుడిలోపల ఫిడియస్ చేసిన ఎథీనా విగ్రహం డాలుమీద మళ్ళీ అదే. తూర్పునుంచి వచ్చిన శత్రువునూ ఇంట్లో ఉన్న ఆడదాన్నీ ఒకే బొమ్మలో కూలదోశారు. పౌరసత్వం లేని, ఆస్తి మీద హక్కు లేని ఎథెన్స్ స్త్రీలు పండగనాడు ఆ బొమ్మల కిందుగానే నడిచిపోయేవారు. నల్లసముద్రానికి ఉత్తరాన గడ్డి మైదానాల్లోని సిథియన్ సమాధుల్లో అమ్ములతో, ఈటెలతో పూడ్చిన స్త్రీల ఎముకలు చాలాచోట్ల దొరికాయి. కనక ఆ కథ వెనక నిజమైన మనుషులు కొందరున్నారు. వాళ్ళు ఎవరి దేవుడికీ కూతుళ్ళు కారు, గుర్రాలు కాసుకున్న పశుపాలకుల ఇళ్ళ ఆడవాళ్ళు.

ఏరీస్‌కు ఎథెన్స్‌లోనే మరొక కూతురుంది. పేరు అల్కిప్పె. తల్లి అగ్లారస్, ఎథెన్స్ తొలిరాజు కీక్రొప్స్ బిడ్డ. సముద్రదేవుడు పొసైడన్ కొడుకు హాలిరోథియస్ ఒక ఊటబావి దగ్గర ఆమెను చెరచబోయాడు. ఏరీస్ వాణ్ణి చంపాడు. పొసైడన్ ఫిర్యాదు చేస్తే దేవతలు ఒక కొండమీద కూచుని విచారించి ఏరీస్‌ను వదిలేశారు. లోకంలో అది మొదటి హత్యావిచారణ, ఆ కొండ అరియోపాగస్, అంటే ఏరీస్ గుట్ట. అతని కథలన్నిటిలోనూ ఏరీస్ మనిషిలా కనిపించేది ఇక్కడే.

అరియోపాగస్ వట్టి గుట్ట కాదు. మాజీ అధికారులతో నిండిన పెద్దల సభ అక్కడ కూచునేది, ఎథెన్స్‌లో భూస్వాముల కోట అది. క్రీ.పూ. 462లో ప్రజాపక్ష నాయకుడు ఎఫియాల్టిస్ దాని అధికారాలు ఊడబీకి, హత్యానేరాల విచారణవంటివి మాత్రం మిగిల్చాడు. మరుసటి ఏడే అతన్ని హత్యచేశారు. ఆ నెత్తురు ఆరకముందు, 458లో, ఎస్కిలస్ తన ఒరెస్టియా నాటకత్రయంలో ఈ న్యాయస్థానం పుట్టుక కథ వేశాడు. అందులో మొదటి ముద్దాయి ఏరీస్ కాదు, తల్లిని చంపిన ఒరెస్టిస్. తల్లి నిజానికి బిడ్డకు జనని కాదు, మగవాడి విత్తనాన్ని మోసేదే అని అపొలో వాదిస్తాడు. తల్లి లేకుండా పుట్టిన ఎథీనా అతని పక్షాన ఓటు వేస్తుంది. గుట్టకు ఆ పేరెందుకంటే, దండెత్తి వచ్చిన అమెజాన్లు అక్కడ గుడారాలు వేసి ఏరీస్‌కు బలులిచ్చారు కనక అంటుంది. అల్కిప్పె ఊసే లేదు. చెరచబడబోయిన కూతురు ఉండవలసిన చోట ఓడిపోయిన కూతుళ్ళు నిలబడ్డారు.

జార్జ్ థామ్సన్ 1941లో ‘ఎస్కిలస్ అండ్ ఎథెన్స్’ రాసి, గణసమాజపు రక్తప్రతీకారం పోయి రాజ్యన్యాయం వచ్చిన చారిత్రక మలుపును ఈ నాటకాల్లో చూపించాడు. మనవంటివాళ్ళకు కళ్ళు తెరిపించిన పుస్తకం అది. ఆయన చెప్పింది నిజమే. అయితే ఆ మలుపు ఎవరి మెడమీదుగా తిరిగిందనేది ఈ పేరు మార్పిడిలో కనిపిస్తుందని నా అనుబంధం. తర్వాత యూరిపిడీస్ ‘ఎలెక్ట్రా’లో ఆ కూతురి కథ తిరిగి తెచ్చాడు. ఏరీస్ కూతురికి జరిగిన అన్యాయానికి కోపించి చంపాడని చెప్పాడు. కాని ఆయన కూడా ఆమె పేరు చెప్పలేదు.

రోమన్ల సంగతి క్లుప్తం. గ్రీకులు గడప బయట నిలబెట్టినవాణ్ణి వాళ్ళు తాత అని పిలిచారు. రోమ్ కట్టిన రోములస్ యుద్ధదేవుడు మార్స్ కొడుకు. క్రీ.పూ. 2లో అగస్టస్ తన పేరిట కట్టిన సభాప్రాంగణంలో అతనికి బ్రహ్మాండమైన గుడి కట్టాడు. సామ్రాజ్యం స్థిరపడ్డాక బొంకవలసిన పని ఉండదు.

ఇప్పుడు హార్మోనియా దగ్గరికి వస్తాను. ఆ మాటకు మొదటి అర్థం సామరస్యమూ కాదు, సంగీతమూ కాదు. వడ్రంగం మాట. ఒడిస్సీలో ఒడిస్యూస్ తెప్ప కట్టుకుంటూ దుంగలను బిగించే అతుకులకు హోమర్ వాడిన పేరు అది. ఇలియడ్‌లో అదే మాటకు ఒడంబడిక అని అర్థం. మనలో ఎవరు గెలిచినా ఓడినవాడి శవాన్ని అప్పగిద్దామని హెక్టర్ ఒడంబడిక అడుగుతాడు, అకిలీస్ కాదు పొమ్మంటాడు. రెండు వేరు ముక్కలను చెక్కి, తొలిచి, మేకు కొట్టి బిగించటం హార్మోనియా. ముక్కలకు ఇష్టమా అని ఎవరూ అడగరు.

ఆమె పెళ్ళికథ అచ్చంగా అదే. ఫినీషియానుంచి వచ్చిన కాడ్మస్ థీబ్స్ కట్టటానికి చోటు చూసుకున్నాడు. అక్కడి ఊటను ఒక మహాసర్పం కాస్తోంది. అది ఏరీస్ సర్పం, ఏరీస్ బిడ్డే అని కూడా కొందరు చెప్పారు. కాడ్మస్ దాన్ని చంపి, కోరలు నేలలో నాటాడు. నాగేటి చాళ్ళలోంచి ఆయుధాలతో మనుషులు మొలిచి ఒకరినొకరు నరుక్కున్నారు. అయిదుగురు మిగిలారు. చంపినదానికి ప్రాయశ్చిత్తంగా కాడ్మస్ ఎనిమిదేళ్ళు ఏరీస్ దగ్గర చాకిరీ చేశాడు. ఆ తర్వాత కూతుర్ని ఇచ్చి పెళ్ళిచేశారు. పైనుంచి వచ్చినవాడు నీళ్ళను ఆక్రమించాడు, కాపున్నవాణ్ణి చంపాడు, పరిహారం చెల్లించాడు, రాజీ కుదిరింది, రాజీకి గుర్తుగా ఒక పిల్ల చేతులు మారింది. థీబ్స్ ప్రభువుల కుటుంబాలు ఆ అయిదుగురినుంచే దిగామని చెప్పుకునేవి. మేం ఈ నేలలోంచే మొలిచాం, భూమి మాది అనటానికి అంతకన్న పట్టా ఏముంది? క్రీ.పూ. 362లో చనిపోయిన ఎపమినాండస్ సమాధి మీది డాలు పైన కూడా సర్పం బొమ్మ ఉందని పాసేనియస్ రాశాడు.

శాంతికి గ్రీకులు వేరే దేవతను పెట్టుకున్నారు. పేరు ఐరీని. ఆమె పుట్టుకను కూడా హెసియడే, ఆ కావ్యంలోనే, కొద్ది పంక్తుల ముందు చెప్పాడు. తండ్రి జ్యూస్, తల్లి ధర్మదేవత థెమిస్. తోబుట్టువులు ఇద్దరు, మంచి చట్టం, న్యాయం. ఏరీస్ ఆ ఇంటి ఛాయలకు రాడు. లంచగొండి దొరల తీర్పులకు నష్టపోయిన రైతు శాంతికి యుద్ధాన్ని తండ్రిని చెయ్యలేదు, న్యాయాన్ని తోబుట్టువుగా ఇచ్చాడు. మా వక్తగారు పుస్తకం ఒక్క పేజీ వెనక్కి తిప్పి ఉంటే చాలు. నేను ఆ ఒక్క పేజీ కూడా తిప్పకుండా చప్పట్లు కొట్టాను.

ఆ ఐరీనిని క్రీ.పూ. 421లో అరిస్టొఫేనీస్ రంగస్థలం ఎక్కించాడు. యుద్ధం ఆమెను గుహలో పడేసి రాళ్ళు పేర్చింది. ద్రాక్షతోట రైతు ఒకడు అందరినీ పిలిచి మోకులు కట్టి లాగిస్తాడు. కొందరు లాగుతున్నట్టు నటిస్తారు, కొందరు ఎదురు లాగుతారు. చివరికి తక్కినవాళ్ళందరినీ పక్కకు పొమ్మని రైతులే లాగితే ఆమె బయటికి వస్తుంది. వెంటనే కొడవళ్ళు చేసేవాడు కానుకలు పట్టుకుని సంతోషంగా వస్తాడు, శిరస్త్రాణాలు, ఈటెలు అమ్మేవాళ్ళు తమ బతుకు పోయిందని ఏడుస్తూ వస్తారు. తర్వాత కొన్నేళ్ళకు కెఫిసొడోటస్ అనే శిల్పి ఐరీని విగ్రహం చేశాడు. ఆమె చంకలో ఒక పసివాడు, పేరు ప్లూటస్, సంపద. హెసియడ్ లెక్కలో వాడు మూడుసార్లు దున్నిన పొలంలో పంటల తల్లి డెమీటర్‌కు పుట్టిన పిల్లవాడు.

హార్మోనియాకు పెళ్ళిలో ఒక కంఠహారం వచ్చింది. హెఫెస్టస్ చేసింది. తర్వాతి తరాల్లో ఆ వంశపువాడు పొలినైసీస్, అన్న మీద యుద్ధానికి పోతూ దాన్ని ఎరిఫైలి అనే ఆమెకు లంచమిచ్చి, చావు తప్పదని తెలిసి రానన్న ఆమె భర్తను యుద్ధానికి పంపించాడు. అతను చచ్చాడు. కొడుకు తల్లిని చంపాడు. హారాన్ని డెల్ఫీ గుడిలో సమర్పించారు. క్రీ.పూ. 356లో మొదలైన యుద్ధంలో ఫోసిస్ సేనాపతులు కిరాయి సైనికుల జీతాలకోసం డెల్ఫీ గుడి సొమ్మంతా కరిగించారు. కరిగించని నగలు కొన్నిటిని వాళ్ళ భార్యలు పెట్టుకున్నారు. వాటిలో ఈ హారం కూడా ఉందనీ, దాన్ని పెట్టుకున్నావిడ ఇంటికి పెద్దకొడుకే పిచ్చెత్తి నిప్పు పెడితే ఆమె ఆ మంటల్లో కాలిపోయిందనీ డయొడోరస్ రాశాడు.